హాస్యనటి తెలంగాణ శకుంతల



నటీనటుల పేర్లకు ముందు ఇంటిపేరు ఉండుట సహజము. కొందరికి ఇంటిపేరు వెనుకబడి నాటక సమాజము పేరే ముందునకు వచ్చినది. సురభి కమలాబాయిగారు అట్టివారు. మరికొందరికి ఊరిపేరే ఇంటిపేరైనది. కోవై సరళగారి పేరులోని కోవై, కోయంబత్తూరు పట్టణమే. కాని ఒక ప్రాంతమునకు ప్రాంతమే నటి పేరు ముందు వచ్చి నిలుచుట అరుదు. అట్టి అరుదైన పేరు తెలంగాణ శకుంతలగారిది. ఆ పేరు ఆమెకు కట్టిన పట్టమా, లేక ఆమె చుట్టును గీసిన గిరియా? నేటి మా ప్రసంగమునకు విషయమిదే.

శకుంతలగారు 1951 జూన్ 9వ తేదీన మహారాష్ట్రలో జన్మించినారు. ఆమె మాతృభాష మరాఠీ. ఇంటిపేరు కడియాల. హైదరాబాదు రంగస్థలము ఆమెను నటిగా తీర్చిదిద్దినది. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి, తరువాతి దశాబ్దములలో రాజధానిలోని నాటక ప్రియులందరకు కూడలి అయినది. శకుంతలగారు పేరు తెచ్చుకొన్న వేదిక కూడ అదే. 1979లో నిర్మాణమైన ‘మా భూమి’ చిత్రముతో ఆమె సినిమాలలో ప్రవేశించినారు. పిమ్మట సుమారు ముప్పదియైదు సంవత్సరములు హాస్యపాత్రలు, ప్రతినాయిక పాత్రలు, గుణచిత్ర పాత్రలు ధరించి, 2014 జూన్ 14వ తేదీన హైదరాబాదు శివారులోని కొంపల్లిలో గుండెపోటుతో కన్నుమూసినారు. ఆమె పేరు ముందున్న తెలంగాణ, ఆ నెల 2వ తేదీననే ప్రత్యేక రాష్ట్రమైనది. అనగా తన పేరులోని నేల రాష్ట్రముగా ఏర్పడిన తరువాత ఆమె జీవించినది పండ్రెండు దినములు మాత్రమే.

మరాఠీ ఇంట పుట్టిన స్త్రీ తెలంగాణ పలుకునకు ప్రతినిధి ఎట్లయినది అని కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారికి ఇది అంత వింత కాదు. 1956 వరకు ఉండిన హైదరాబాదు రాష్ట్రములో తెలంగాణ జిల్లాలు, మరాఠ్వాడా జిల్లాలు, కన్నడ జిల్లాలు కలిసియుండెడివి. దర్బారు భాష ఉర్దూ. అంగడిలో నాలుగు భాషలు వినిపించెడివి. మా కర్దనూరు పటాన్‌చెరువు మండలములోని గ్రామము. ఇక్కడినుండి పడమరగా బొంబాయి రహదారి పట్టి పోయినచో, జహీరాబాదు దాటిన కొంతదూరమునకే కన్నడదేశము, దాని ఆవల మరాఠీ పల్లెలు. మేము మాటాడు తెలుగులో ‘జర ఆగు’ అన్నప్పటి జర, ‘జల్ది రా’ అన్నప్పటి జల్ది ఉర్దూనుండి వచ్చి ఇంటిమాటలైనవి. పటాన్‌చెరువు, రామచంద్రపురము పరిసరములలో కర్మాగారములు వెలసిన పిదప బిహారు, ఒడిశా, మహారాష్ట్రల నుండి వచ్చిన కార్మికులు కూడ ఈ తెలుగునే మొదట నేర్చుకొనుచున్నారు. కాబట్టి తెలంగాణ యాస పుట్టుకతో వచ్చినవారికి మాత్రమే చెందినది కాదు. చెవియొగ్గి విని, ప్రేమించి నేర్చుకొన్నవారిది కూడ. శకుంతలగారు ఆ రెండవ కోవలోనివారు.

ఇక హాస్యనటి అను మాటను కొంచెము విచారింతము. తెలుగు రంగస్థలముపై స్త్రీ పాత్రలను చాలకాలము పురుషులే ధరించినారు. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి స్త్రీలే నడక నేర్చుకొనవలెనని పెద్దలు చెప్పుకొనెడివారు. 1885లో వనారస గోవిందరావుగారు స్థాపించిన సురభి సమాజములో కుటుంబ స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించుట గొప్ప మార్పు. అయినను స్త్రీకి దొరకిన పాత్రలు ఎక్కువగా శోకమునకు, శృంగారమునకు, భక్తికి సంబంధించినవే. నవ్వించు అధికారము విదూషకునిది. పదిమంది నడుమ స్త్రీ గట్టిగా నవ్వుటయే తప్పని తలచిన సమాజములో, పదిమందిని గట్టిగా నవ్వించు స్త్రీకి చోటు దొరకుట సులభము కాదు. ఆ చోటు సంపాదించిన ప్రతి నటియు ఒక తలుపు తెరచినట్లే.

రంగస్థలముపై హాస్యము ఎట్లు పండును? భరతశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. హాస్యమునకు నాలుగును కావలసినదే కాని, వాచికము తప్పినచో తక్కిన మూడును నిలువవు. మాట ఒక క్షణము ముందు వచ్చినచో ప్రేక్షకునికి అందదు. ఒక క్షణము ఆలస్యమైనచో చల్లారిపోవును. సభలో నవ్వు పుట్టి, పెరిగి, తగ్గుముఖము పట్టు సమయమున తరువాతి మాట అందుకొనవలెను. నవ్వు పూర్తిగా ఆగువరకు వేచియున్నచో సభ సద్దుమణగును. నవ్వు మధ్యలో మాటాడినచో మాట మునిగిపోవును. ఈ లెక్క పుస్తకములో దొరకదు. ప్రతి రాత్రి క్రొత్త ప్రేక్షకుల యెదుట నిలిచి నేర్చుకొనవలసినదే.

సినిమాలో ఈ ప్రేక్షకుడు ఉండడు. చిత్రీకరణ స్థలములో నవ్వు వినిపించినచో దృశ్యము పాడగును గనుక అందరును నిశ్శబ్దముగా ఉందురు. అట్టి నిశ్శబ్దములో నిలిచి, ఎన్నో నెలల తరువాత ఏదో ఊరి సినిమా హాలులో పుట్టబోవు నవ్వునకు ఇప్పుడే ఖాళీ విడువవలెను. రంగస్థలమునుండి వచ్చిన నటులు ఈ పనిలో ఆరితేరినవారగుటకు కారణమిదే. సభ యెదుట లేకున్నను వారి చెవిలో సభ ఉండును. శకుంతలగారి నటనను జాగ్రత్తగా గమనించినవారికి ఆమె అరుపులకన్న అరుపునకు ముందరి ఊపిరి ఎక్కువ ఆసక్తి కలిగించును. ఆమె మాటను విసరుటకు ముందు ఒక్క క్షణము ఎదుటివానిని చూచును. ఆ చూపులోనే సగము నవ్వు పుట్టును.

ఆమె తొలి చిత్రమును గూర్చి కొంత చెప్పవలెను. ‘మా భూమి’ 1980 మార్చిలో విడుదలైనది. దానికి మూలము కృష్ణచందర్ ఉర్దూలో వ్రాసిన నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు. నిర్మాతలలో ఒకరైన బి. నర్సింగరావుగారు గజ్వేలు సమీపమందలి ప్రజ్ఞాపూరు వాస్తవ్యులు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటము కథావస్తువు. మన మెదక్ ప్రాంతములోని మంగళపర్తి గ్రామములో ఈ చిత్రమును తీసినారు. ఉర్దూ నవల, వంగ దర్శకుడు, మరాఠీ ఇంట పుట్టిన నటి: అయినను పుట్టినది అచ్చమైన తెలంగాణ చిత్రము. అందులో ఈ నేల యాస నవ్వు పుట్టించుటకు రాలేదు. ఆకలి చెప్పుటకు, దొర గడీ ముందు నిలిచి ఎదిరించుటకు వచ్చినది. శకుంతలగారి సినిమా జీవితము హాస్యముతో కాక ఇట్టి గంభీరమైన చిత్రముతో ప్రారంభమైనదన్న విషయము మరువరాదు.

వ్యాపార చిత్రములలో పరిస్థితి వేరు. తెలుగు సినిమా చాలకాలము కృష్ణా గోదావరి మండలముల శిష్టభాషను నాయకునికి, నాయికకు, న్యాయాధిపతికి, వైద్యునికి ఇచ్చినది. తెలంగాణ యాసను రౌడీకి, నౌకరుకు, తాగుబోతుకు ఇచ్చినది. నాయకుడు హైదరాబాదులోనే పుట్టి పెరిగినను అతని నోట ‘ఏంది’ అను మాట వచ్చెడిది కాదు. దీని ఫలితము సినిమా హాలుతో ఆగలేదు. మా కర్దనూరు పిల్లలు దసరా నాటకము వేసినప్పుడు, రాజు పాత్రధారి పుస్తక భాష మాటాడును, మంత్రియు అట్లే. ద్వారపాలకుడు, చాకలి, విదూషకుడు మాత్రమే ఇంటిలో మాటాడు తెలుగు మాటాడుదురు. ఎవరును ఆ పిల్లలకు ఇట్లు చేయుమని చెప్పలేదు. తమ భాష నవ్వులాటకే పనికివచ్చునని వారంతట వారే గ్రహించినారు. మాకు ఇది చిన్న విషయముగా తోచలేదు.

ఇట్టి కాలములో శకుంతలగారికి లభించిన పాత్రలు ఏవి? 2001లో తేజ దర్శకత్వమున వచ్చిన ‘నువ్వు నేను’ చిత్రములో నాయిక కుటుంబములోని స్త్రీగా ఆమె విశేషముగా ప్రజల దృష్టికి వచ్చినారు. 2003లో గుణశేఖర్ దర్శకత్వమున వచ్చిన ‘ఒక్కడు’లో ప్రతినాయకుని ఇంటి స్త్రీగా రాయలసీమ పలుకుబడి పలికినారు. అదే సంవత్సరము తమిళములో విక్రమ్ నాయకుడుగా వచ్చిన ‘ధూళ్’ చిత్రములో స్వర్ణక్క అను ప్రతినాయిక పాత్ర ధరించి తమిళ ప్రేక్షకులను కూడ బెదరించి మెప్పించినారు. ఆ కథయే తెలుగులో ‘వీడే’ అను పేర వచ్చినది. 2006లో వెంకటేశ్ నటించిన ‘లక్ష్మి’ వంటి చిత్రములు ఆమెను తిరిగి నవ్వులలోనికి తెచ్చినవి. 2014లో విడుదలైన ‘పాండవులు పాండవులు తుమ్మెద’ ఆమె చివరి చిత్రములలోనిది.

ఈ పాత్రలను వరుసగా చూచినచో ఒక విషయము స్పష్టమగును. ఆమె నవ్వించినది అధికారముతో. లోకము పురుషునికి ఇచ్చిన దబాయింపును ఒక మధ్యవయస్కురాలు తన చేతిలోనికి తీసుకొని నడివీధిలో నిలుచుట, మీసాలు మెలివేసిన వస్తాదులు ఆమె కేకకు వెనుకకు తగ్గుట, అదియే ఆమె హాస్యమునకు మూలము. ఇచ్చట సూర్యకాంతంగారు జ్ఞప్తికి వచ్చుట సహజము. 1924లో కాకినాడ సమీపమున పుట్టి 1994లో పరమపదించిన ఆ మహానటి, గయ్యాళి అత్తగా తెలుగిండ్లనన్నిటిని పాలించినది. 1962లో వచ్చిన చిత్రములో రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున అందరును ఉన్నను, సినిమా పేరు మాత్రము ఆమె పాత్ర పేరున ‘గుండమ్మ కథ’ అయినది. సూర్యకాంతంగారి రాజ్యము గడపకు లోపల: వంటిల్లు, తాళపుచెవులు, కోడలు. శకుంతలగారి రాజ్యము గడపకు వెలుపల: బజారు, బస్తీ, ముఠా. అత్తరికము ఇంటినుండి వీధికి వచ్చినది. ఈ నలుబది సంవత్సరములలో స్త్రీల జీవితములో వచ్చిన మార్పు ఈ రెండు హాస్యములలో కూడ కనిపించుచున్నది.

మరియొక భేదము కూడ కలదు. సూర్యకాంతంగారి నోట గోదావరి ప్రాంతపు నుడికారము పుష్కలముగా వినిపించును. అయినను ఆమెను ఎవరును గోదావరి సూర్యకాంతమనలేదు. ఆమె భాషను అందరును తెలుగు అన్నారు. శకుంతలగారి భాషను మాత్రము తెలంగాణ అన్నారు. ఒక ప్రాంతపు మాటకు గుర్తు అక్కరలేకపోవుట, మరియొక ప్రాంతపు మాటకు గుర్తు తగిలించుట: తెలుగువారి మధ్య భాషా గౌరవము ఎట్లు పంపిణీ అయినదో తెలుపుటకు ఈ రెండు పేర్లు చాలును.

ఇట్టి సమస్య మనకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండులో లండను పలుకుబడి పెద్దమనుష్యుల భాష. ఉత్తరాదిన నూలుమిల్లుల ప్రాంతమైన లాంకషైరు యాస నవ్వులాట భాష. ఆ లాంకషైరులోని రాచ్‌డేల్ పట్టణములో 1898లో ఒక చేపల వేపుడు దుకాణముపైనున్న ఇంటిలో గ్రేసీ ఫీల్డ్స్ పుట్టినది. బాల్యములో అరపూట బడికి, అరపూట నూలుమిల్లునకు పోయినది. పాటలు, హాస్యము కలిసిన రంగస్థల ప్రదర్శనలలో ఎదిగి లండను చేరినది. 1931లో సినిమాలలో ప్రవేశించి, ఆ దశాబ్దములో ఆ దేశమునందు అత్యధిక పారితోషికము పొందిన తారలలో ఒకతె అయినది. ఆమె తన యాసను దాచుకొనలేదు. 1934 నాటి ఒక చిత్రములో మిల్లు మూతపడి పని పోగొట్టుకొన్న కార్మికురాలి పాత్ర ధరించినది. ఆ పాత్ర నాయిక, హాస్యగత్తె కాదు. నవ్వించునది ఆమెయే, కథను నడిపించునది ఆమెయే. 1978లో రాచ్‌డేల్‌లో ఆమె పేర నాటకశాల వెలసినది. 1979లో ఆమెకు డేమ్ బిరుదము లభించినది. ఆ సంవత్సరమే ఆమె మరణించినది.

ఆమెకును మన శకుంతలగారికిని ప్రతిభలో పోలిక చూచుట మా ఉద్దేశము కాదు. అవకాశములో భేదమును చూపుటయే మా ఉద్దేశము. యాస మాటాడు స్త్రీని నాయికగా నిలువబెట్టు ధైర్యము అచ్చటి నిర్మాతలు 1930లలోనే చేసినారు. శకుంతలగారికి మన సినిమా ఇచ్చినది తరచుగా రెండు మూడు దృశ్యములు. ఆ రెండు మూడు దృశ్యములలో కూడ కొన్ని పాత్రలు మోటుగా వ్రాయబడినవే. ఆమె గొంతును మాత్రమే వాడుకొని మనసును వాడుకొనని రచయితలు కలరు. ఇట్టి పాత్రలు తెలంగాణ భాషను కించపరచుచున్నవని ఆ కాలమున విమర్శ వచ్చినది. ఆ విమర్శలో న్యాయము కలదు. కాని ఆ తప్పు పాత్రను వ్రాసినవారిది. మోటుగా వ్రాసిన పాత్రలో కూడ ఆమె యాసను ఎగతాళి చేయుచు పలుకలేదు. యాసను వెక్కిరించు నటుడు ప్రతి మాట చివర సాగదీసి, ప్రేక్షకునివైపు కన్ను గీటును. శకుంతలగారు ఆ మాటలను తన మాటలవలెనే, కోపము వచ్చిన తల్లి మాటాడినట్లు, నిజముగా పలికినారు. విన్నవాడు నవ్వినను, ఆ నవ్వు మనిషిని చూచి వచ్చినది. మాట తీరును చూచి కాదు. ఈ సన్నని గీతను ముప్పది యేండ్లు దాటకుండ నిలుచుటయే ఆమె సాధించిన విజయమని మేము భావించుచున్నాము.

ఈ విషయములో ఆకాశవాణిని కూడ తలచుకొనవలెను. హైదరాబాదు కేంద్రపు కార్మికుల కార్యక్రమములో చిన్నక్క, ఏకాంబరం పలికిన మాటలు వినుటకు కర్మాగారమునుండి ఇంటికి చేరిన కుటుంబములు రేడియో చుట్టును చేరెడివి. రేడియోలో ముఖము లేదు, వేషము లేదు. మిగిలినది వాచికము ఒక్కటే. సామాన్యుని మాటకు గౌరవమిచ్చినచో అది వార్తను చెప్పగలదు, సలహా ఇయ్యగలదు, నవ్వించనుగలదు అని అట్టి కార్యక్రమములు నిరూపించినవి.

శకుంతలగారు మరణించిన తరువాత సినిమాలలో గాలి మారినది. 2017లో వచ్చిన ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయి పాత్రలో నాయికయే తెలంగాణ యాస మాటాడినది. ఆ నాయిక సాయిపల్లవి కూడ తెలుగు ఇంట పుట్టినది కాదు. శకుంతలగారివలె నేర్చుకొని, తన గొంతుతోనే పలికినది. 2021లో వచ్చిన ‘జాతిరత్నాలు’ చిత్రపు కథానాయకులు మన సంగారెడ్డి జిల్లా జోగిపేట యువకులు. 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రములో ఇంటిల్లిపాదియు ఈ యాసలోనే నవ్వినది, ఏడ్చినది. దాని దర్శకుడు వేణు యెల్దండి స్వయముగా హాస్యనటుడు. ఈ చిత్రములు తీసినవారు ధైర్యవంతులే. కాని వారికి ముందు, ఈ పలుకును రాష్ట్రమంతటి చెవికి అలవాటు చేసినవారు ఉన్నారు. కర్నూలులో, కాకినాడలో, విశాఖపట్టణములో కూర్చున్న ప్రేక్షకుడు ‘గిట్ల’, ‘గట్ల’ అను మాటలను అర్థమడుగక నవ్వుట శకుంతలగారి వంటివారి వలన నేర్చుకొన్నాడు. నవ్వు ముందు వచ్చినది. గౌరవము దాని వెనుక నడచి వచ్చినది.

ఆమె పేరు ముందున్న తెలంగాణ పట్టమా, గిరియా అని మొదట ప్రశ్నించితిమి. ఇచ్చినవారు గిరిగానే ఇచ్చియుండవచ్చును. ఈ నటి ఈ యాసకే, ఈ యాస ఈ పాత్రలకే అని. ఆమె దానిని పట్టముగా మార్చుకొన్నది. రాయలసీమ పలుకు పలికి గిరి దాటినది, తమిళదేశమునకు పోయి దాటినది, అయినను పేరును వదలలేదు. ఆమె చేయవలసినది ఆమె చేసినది. ఇక చేయవలసినది మనము. మన పల్లెలలో నాటకములు వేయించు ఉపాధ్యాయులకు, పెద్దలకు మా మనవి ఒక్కటే. విదూషకునికి ఇచ్చిన మాటను ఒకసారి రాజునకు కూడ ఇచ్చి చూడుడు. ఆడపిల్లకు కన్నీటి పాత్రతోబాటు నవ్వించు పాత్ర కూడ ఇయ్యుడు. తన ఇంటి మాటతో సభను నవ్వించి, ఆ సభచేతనే గౌరవము పొందవచ్చునని ఆ పిల్లలు తెలిసికొన్నచో, శకుంతలగారికి అంతకుమించిన స్మారకము ఉండబోదు.